మా పేరు చెప్పి నోళ్లు మూయొద్దు

ఇంటర్నెట్‌కు పగ్గాలు వెయ్యాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా ఒక దగ్గర మా ప్రస్తావన తప్పకుండా వస్తుంది. పగ్గాలు కావాలనే మంత్రి, పోలీసు అధికారి, టీవీలో కూచున్న పెద్దమనిషి, అందరిదీ ఒకటే పాట. మతవిద్వేషాలు రెచ్చగొడుతున్నారట, పుకార్లు పుట్టిస్తున్నారట, అమాయకులు బలైపోతున్నారట, అందుకే అదుపు కావాలట. ఆ అమాయకులు ఎవరయ్యా అంటే మేమే. పుకారు పుట్టిన రోజున సాయంత్రం తొందరగా దుకాణం కట్టేసి ఇంటికి చేరేది మేమే కదా! అంటే ఈ చట్టాలూ నియమాలూ పోర్టళ్లూ అన్నీ మా రక్షణ కోసమే అన్నమాట. మంచిదే. మరి మమ్మల్నెవరైనా ఒక మాట అడిగారా?

అడగలేదు కాబట్టి అడక్కుండానే చెప్తున్నాం.

మేం పాత చిత్తూరు జిల్లా ముస్లింలం. తిరుపతి, శ్రీకాళహస్తి, పీలేరు, పుంగనూరు, మదనపల్లె, పలమనేరు మా ఊళ్లు. మాలో పంతుళ్లు, గుమాస్తాలు, ఇద్దరో ముగ్గురో డాక్టర్లు లేకపోలేదు. కానీ ఎక్కువమంది టమోటా మండీల్లో పెట్టెలు మోసేవాళ్లు, లారీల కింద పడుకుని బోల్టులు బిగించేవాళ్లు, తోపుడుబండి మీద పండ్లమ్మేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, కోళ్లంగడి పెట్టుకున్నవాళ్లు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, వేలూరు దాకా పోతే అరవం. మాకు ఇంటర్నెట్ అంటే కంతుల మీద కొన్న ఫోను. కువైట్‌లో ఉన్న కొడుకు మొహం దాంట్లోనే చూస్తాం. పింఛను పడిందో లేదో దాంట్లోనే చూస్తాం. మమ్మల్ని దేశద్రోహులనీ, అన్నంలో ఉమ్మేవాళ్లనీ చెప్పే వీడియోలూ దాంట్లోనే చూస్తాం. పక్కింటాయనకు వచ్చిన వీడియో మాక్కూడా వస్తుంది. ఆయన చూశాడని మాకు తెలుసు. మేం చూశామని ఆయనకూ తెలుసు. మర్నాడు ఇద్దరం ఏమీ చూడనట్టే నమస్కారాలు పెట్టుకుంటాం.

సరే, మా ఊరి సంగతే తీసుకుందాం. 2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గత ప్రభుత్వ కాలంలో తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ప్రకటించారు. రెండు రోజులు తిరిగేసరికి దేశమంతా అదే మాట. తిరుపతిలో ఉండే మాకు ఆ మాట ఎంత బరువైందో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఈ ఊళ్లో ప్రతి బతుకూ కొండకు కట్టేసి ఉంటుంది. యాత్రికుడు రాకపోతే మా ఆటో కదలదు, మా పండ్లబండి కదలదు. పైగా అది పక్కింటివాళ్లు కళ్లకద్దుకుని మా పిల్లల చేతుల్లో కూడా పెట్టే ప్రసాదం. అందులో ఏదో కలిసిందంటే వాళ్ల కడుపులో ఎంత మంట ఉంటుందో మేం ఊహించుకోగలం. కల్తీ చేసినవాణ్ణి పట్టుకుని శిక్షించాలనడంలో మాకూ మా పొరుగువాళ్లకూ తేడా లేదు.

కానీ మూడో రోజో నాలుగో రోజో ఇంకో సంగతి మొదలైంది. నెయ్యి పంపింది తమిళనాడులోని దిండిగల్‌కు చెందిన ఏఆర్ డెయిరీ అని పత్రికల్లో వచ్చింది. ఎక్కడో పాకిస్తాన్‌లో ఏఆర్ ఫుడ్స్ అనే ఇంకో కంపెనీ ఉంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ రెండక్షరాలు తప్ప. ఎవడో ఆ పాకిస్తాన్ కంపెనీ ఉద్యోగుల పేర్ల జాబితా తీసి, వెంకన్న లడ్డూకి నెయ్యి పంపినవాళ్లు వీళ్లే చూడండని వదిలాడు. అన్నీ ముస్లిం పేర్లే. ఇక చెప్పేదేముంది? నెయ్యి ఎక్కడ కల్తీ అయింది, టెండరు ఎవరిచ్చారు, పరీక్ష ఎవరు చెయ్యలేదు అన్న ప్రశ్నలన్నీ పక్కకు పోయి, నేరస్తుడు దొరికిపోయాడు. మామూలుగా దొరికేవాడే!

ఆ జాబితా అబద్ధమని తేల్చింది ఎవరు? నిజానిజాలు వెతికే పనిలో ఉన్న కొద్దిమంది విలేఖరులు. ఆ సవరణ ఎంతమంది ఫోన్లకు చేరింది? మా కాలనీల్లో చూస్తే జాబితా వచ్చిన గ్రూపుల్లో సవరణ రానేలేదు. తర్వాత సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐ అధికారులు, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రత సంస్థ అధికారి కలిసిన ప్రత్యేక బృందం దర్యాప్తు చేపట్టింది. 2025 ఫిబ్రవరిలో తొలిసారి నలుగుర్ని అరెస్టు చేసింది. వాళ్లు దిండిగల్, ఉత్తరాఖండ్, మా తిరుపతి జిల్లా, ఈ మూడుచోట్లున్న డెయిరీల మనుషులు. వాళ్లలో ఒక్క ముస్లిం పేరు లేదు. ఇది చెప్పి మేం సంబరపడటం లేదు. వాళ్ల నేరం తేలాల్సింది కోర్టులో. మేం అడిగేది ఒకటే. ఆ పేర్లు బయటికొచ్చినప్పుడు వాళ్ల కులాన్నో మతాన్నో ఎవరైనా బోనెక్కించారా? లేదు కదా. ఎక్కించకూడదు కూడా. ఆ మర్యాద మాకెందుకు లేదు?

ఇప్పుడు అసలు చర్చకు వస్తాం. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఐటీ నియమాలను సవరించింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఇంటర్నెట్‌లో వచ్చే మాటల్లో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌ను ప్రభుత్వమే పెట్టుకుంటుందట. అది అబద్ధమని ముద్ర వేసిన మాటను ఉంచితే కంపెనీలకు చట్టపరమైన రక్షణ పోతుందట. 2024 మార్చి 20న ఆ యూనిట్‌ను ప్రకటించారు. మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. హాస్యనటుడు కునాల్ కమ్రా, ఎడిటర్స్ గిల్డ్ తదితరులు వేసిన కేసుల్లో బొంబాయి హైకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా తీర్పిస్తే, మూడో జడ్జి ఆ సవరణ చెల్లదని తేల్చారు. ఏ రోజున? 2024 సెప్టెంబరు 20న. అంటే ముఖ్యమంత్రిగారి లడ్డూ ప్రకటన వెలువడిన రెండు రోజులకు. ఇంకో పది రోజులకు, సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు ఆ ప్రకటన గురించే అడిగింది. దర్యాప్తు జరుగుతుండగా పత్రికలకెక్కడం ఎందుకు, దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండి అంది.

ఈ మూడు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీలో ఒక ప్రభుత్వం నిజానికి తానే తూకపురాయినంటుంది. ఇక్కడ మా రాష్ట్రంలో ఒక ప్రభుత్వం దర్యాప్తు ముగియకముందే దేశాన్ని కుదిపే మాట అనేస్తుంది. రేపు ఎవరైనా ఒక కుర్రాడు, ముస్లింకానీ హిందువుకానీ, "ఆ నివేదికలో నిజంగా ఏముంది సార్?" అని ఫోన్లో రాస్తే అది నిజమో అబద్ధమో తేల్చేది ఎవరు? ఆ ప్రకటన చేసిన ప్రభుత్వమేనా? పార్టీల పేర్లు మార్చి చూడండి, మా ప్రశ్న మారదు. ఏ పార్టీ గద్దె మీద ఉన్నా పుకారు అనే మాటకు అర్థం ఒకటే, తనకు గిట్టని మాట.

మా ఊరికి ఈ రోగం 2024లో పట్టింది కాదు. 2019 ఆగస్టులో తిరుమల బస్సు టికెట్ల వెనకాల హజ్, జెరూసలేం యాత్రల సర్కారు ప్రకటన కనిపించింది. నెల్లూరుకు పోవాల్సిన టికెట్ రోల్స్ పొరపాటున తిరుమలకు వచ్చాయని అధికారులు చెప్పారు. గోదాములో ఒక గుమాస్తా చేసిన పొరపాటు. కానీ ఫోన్లలో అది ఏడుకొండల మీద దండయాత్ర అయిపోయింది. అలిపిరి దగ్గర ఒబెరాయ్ గ్రూపు హోటల్ కడతామంటే దాని సంస్థ పేరు ముంతాజ్ హోటల్స్ అని బయటికొచ్చింది. కొండ పాదాల దగ్గర కోటీశ్వరుల విలాసం వద్దనడం న్యాయమే, మేం కూడా అంటాం. కానీ వీధిలో వినపడిన నినాదంలో ఒబెరాయ్ ఎక్కడా లేడు, అంతా ముంతాజే. 2025 మార్చిలో ఆ 35 ఎకరాల కేటాయింపు రద్దయింది. మా ముంతాజక్కలు, ముంతాజ్ పిన్నమ్మలు ఏ హోటలూ కట్టలేదు పాపం. వాళ్లకున్నదల్లా ఆ పేరే.

ఇక్కడ కొందరు పెద్దలు మాకు ఒక దారి చూపిస్తారు. బీబీ నాంచారమ్మ కథ చెప్పుకోండి, 1984లో గుంటూరు ముస్లిం భక్తుడొకాయన స్వామికి 108 బంగారు పూలిచ్చాడు, మంగళవారం అష్టదళ పాదపద్మారాధన ఆ పూలతోనే మొదలైంది, అది చెప్పుకోండి అంటారు. చెప్పుకుంటాం, అవి మా ఊరి కథలు. కానీ మా మీద అబద్ధం పుట్టిన ప్రతిసారీ ఆ కథను గుర్తింపుకార్డులాగా తీసి చూపించడం మాకు చేతకాదు. దొంగతనం చెయ్యలేదని చెప్పడానికి మేం దానధర్మాలు చేసిన రసీదులు చూపించాలా?

సరే, పుకారు చేసే చెడు అంతా ఒప్పుకున్నాక ప్రభుత్వానికి అదుపు ఇవ్వడంలో తప్పేముంది అని అడుగుతారు. తప్పు అక్కడే ఉంది. అదుపు ఇప్పటికే వాళ్ల దగ్గర కావలసినంత ఉంది. మతాల మధ్య చిచ్చు పెడితే 153ఏ ఉండేది, మత భావాలను కించపరిస్తే 295ఏ ఉండేది. 2024 జూలై నుంచి అవే న్యాయ సంహితలో 196, 299 అయ్యాయి. వెబ్‌సైట్లూ ఖాతాలూ మూయించడానికి ఐటీ చట్టంలో 69ఏ ఉంది. పైగా 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, విద్వేష ప్రసంగాల మీద ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోయినా, మాట్లాడినవాడిది ఏ మతమైనా, తమంత తామే కేసు పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇంకేం కావాలి? కత్తి లేక ఆగిపోయారా?

2020 ఏప్రిల్ గుర్తుందా? కరోనా వచ్చింది, తబ్లిగీ జమాత్ పేరు వచ్చింది, ఒక్క వారంలో మేమే రోగమైపోయాం. మధ్యప్రదేశ్‌లో రాయసేన్ అనే ఊళ్లో ఒక ముసలాయన పండ్లు సర్దుతూ వేళ్లు నాక్కున్న పాత వీడియో, కరోనాకు ముందుది, దేశమంతా తిరిగింది. మా పండ్లబండ్ల దగ్గర బేరాలు పడిపోయాయి. పేరు అడిగి కొనేవాళ్లొచ్చారు. మరి ఆ వీడియో మీద కేసు పెట్టారా అంటే పెట్టారు. ఎవరి మీద? ఆ ముసలాయన మీద! అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లిగీకి వచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని చెప్పి కేసులు కొట్టేసింది. తీర్పు వచ్చేటప్పటికి మా బండ్ల మీద పండ్లు కుళ్లిపోయి నాలుగు నెలలైంది.

మా ఆడపిల్లల సంగతి రాయాలంటే చెయ్యి వణుకుతుంది. 2021 జూలైలో ఎనభై మందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం వేసే యాప్ ఒకటి తయారు చేశారు. వాళ్లలో విలేఖరులున్నారు, లాయర్లున్నారు, నోరున్న ఆడవాళ్లంతా ఉన్నారు. ఢిల్లీ పోలీసులు కేసు రాసుకున్నారు. ఆరు నెలలు ఒక్క అరెస్టు లేదు. 2022 జనవరి 1న ఇంకో పేరుతో అదే సరుకు మళ్లీ దిగింది. అప్పుడు గానీ, బొంబాయి పోలీసులు కదిలాక గానీ, కుర్రాళ్లు దొరకలేదు. కదిలితే ఎన్ని రోజుల్లో దొరికారు? పట్టుమని పది రోజులు పట్టలేదు. కొత్త చట్టమేమీ చెయ్యలేదే! పాత చట్టంతోనే, పాత పోలీసులతోనే దొరికారు. ఆ ఆరు నెలలూ లేనిది చట్టం కాదు, మా పిల్లలు కూడా ఎవరో ఒకరి పిల్లలే అన్న లెక్క.

మరి ఇదే రాజ్యం వేగంగా పరిగెత్తిన రోజులు లేవా? ఉన్నాయి. అబద్ధపు వార్తల్ని బయటపెట్టే పనిలో ఉన్న మహమ్మద్ జుబేర్‌ను 2022 జూన్‌లో అరెస్టు చేశారు. ఆయన 2018లో పెట్టిన ఒక ట్వీట్ మీద. ఆ ట్వీట్‌లో ఉన్నది 1983 నాటి హిందీ సినిమాలోని బొమ్మ. సెన్సారు బోర్డు పాసు చేసిన బొమ్మ ఒక ముస్లిం చేతిలో పడేసరికి నేరమైపోయింది. హాస్యనటుడు మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో, ఇంకా వెయ్యని జోకులకు పట్టుకెళ్లి నెలకు పైగా జైల్లో ఉంచారు. 2012లో బొంబాయి దగ్గర పాల్ఘర్‌లో, ఒక నాయకుడు చనిపోతే ఊరంతా బందెందుకని రాసిన ముస్లిం అమ్మాయినీ, ఆ రాతకు లైక్ కొట్టిన ఆమె స్నేహితురాలినీ పోలీసులు పట్టుకున్నారు. దాంతో మొదలైన పోరాటంలోనే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేసిన ఆరేళ్లకు కూడా పోలీసు స్టేషన్లలో ఆ చచ్చిన సెక్షన్ కిందే కేసులు రాస్తున్నారని తెలిసి కోర్టే నోరెళ్లబెట్టింది. చనిపోయిన చట్టం పేరు మీద కూడా మనిషిని లోపలెయ్యగల దేశంలో మీరు మాకు కొత్త చట్టం ఇస్తామంటున్నారు.

ఇది ముస్లింల గోడు మాత్రమే అనుకునే తెలుగు పాఠకులు ఒక్కసారి మన రాష్ట్రం వైపు చూడండి. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసు ఇచ్చింది. అప్పుడొక ప్రభుత్వం. 2024లో ప్రభుత్వం మారింది, ఆ ఏడాది నవంబరులో అవతలి పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల అరెస్టులు వరసగా జరిగాయి. కుర్చీలు మారాయి గానీ లాఠీ అదే. ఆ రాతల్లో కొన్ని చదవలేనంత నీచంగా ఉన్నాయి, ముఖ్యంగా ఆడవాళ్ల మీద రాసినవి. వాటికి శిక్ష పడాల్సిందే. కానీ బూతుకూ విమర్శకూ ఒకే వ్యాను పంపితే ఆ వ్యాను బూతు కోసం రాలేదని అర్థం. చివరికి 2025 జూలైలో హైకోర్టు, సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండు రాయవద్దని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ సర్క్యులర్‌కు ఆధారమైన తీర్పుల్లో ఒకటి ఎవరి కేసో తెలుసా? ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే ఉర్దూ కవిది. ఒక కవితతో వీడియో పెట్టాడని గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇలాంటి మాటల కేసుల్లో ముందు విచారించి తర్వాత ఎఫ్ఐఆర్ రాయమంది. ఒక ముస్లిం కవి పడ్డ పాట్లు ఇవాళ ఆంధ్రలో రెడ్డి కార్యకర్తకూ కమ్మ కార్యకర్తకూ గొడుగైంది. మాకు సంతోషమే. ఆ గొడుగు మామీద కూడా పడితే ఇంకా సంతోషం.

ఇక లౌకికవాద మిత్రులతో రెండు మాటలు. మీరు స్వేచ్ఛ పక్షాన నిలబడ్డారు, మేమూ అక్కడే ఉన్నాం. కానీ మీ స్వేచ్ఛ మాటల్లో ఒక్కోసారి మా రక్తం కనపడదు. మాటకు మాటే జవాబు, అబద్ధానికి నిజమే మందు అంటారు. వినడానికి బాగుంటుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘోరం జరిగిన వారంలో మా ఇళ్లలో అమ్మలు పిల్లల చేతుల్లోంచి ఫోన్లు తీసేసుకున్నారు. "కుచ్ నక్కో లిఖ్ రే బేటా" అని బతిమాలారు. చనిపోయినవాళ్ల కోసం ఏడ్చి రాసినా దాంట్లో ఏదో వెతుకుతారని భయం. మా గ్రూపుల్లో అడ్మిన్ మాత్రమే రాయాలని తాళం వేసుకున్నాం. సర్కారు వెయ్యకముందే మేం వేసుకున్న తాళమది. మాటకు మాట చెప్పే నోరే కట్టేసుకున్నవాళ్లకు, పోటీపడి గెలవండి అనడం ఎట్లాంటి న్యాయం? పోనీ కంపెనీలనే నమ్ముదామా? 2020 ఆగస్టులో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. హైదరాబాదులో అప్పటి బీజేపీ ఎమ్మెల్యే రాజాసింగ్ రాతలు ప్రమాదకరమని ఫేస్‌బుక్ సిబ్బందే తేల్చినా, ఆ సంస్థ ఇండియా అధికారి వ్యాపారం దెబ్బతింటుందని అడ్డుపడ్డారని. పత్రికలో పడ్డాక సెప్టెంబరులో ఆయన్ని తీసేశారు. అంటే కంపెనీ తరాజులో మా ప్రాణం ఒక వైపు, వ్యాపారం ఇంకోవైపు. కాబట్టి సర్కారు వద్దన్నంత మాత్రాన షావుకారు కావాలన్నట్టు కాదు.

మా ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడాలి. మాలో కొందరు పెద్దలున్నారు. ప్రవక్త మీద ఎవడో ఏదో కూశాడంటే చాలు, కలెక్టరాఫీసుకు పోయి "బ్యాన్ చెయ్యండి" అని అర్జీ ఇస్తారు. బాధ నిజమైనదే, మాకూ ఆ బాధ ఉంది. కానీ ఆ అర్జీల చరిత్ర ఏమిటో చూడండి. 295ఏ పుట్టింది 1927లో. లాహోర్‌లో ప్రవక్తను కించపరిచిన పుస్తకం మీద రేగిన గొడవలోంచి, మావాళ్ల బాధను చల్లార్చడానికని తెల్లదొరలు చేసిన చట్టమది. దాదాపు వందేళ్లకు ఆ చట్టం ఎక్కడికి చేరింది? జుబేర్ మెడకూ, మునావర్ మెడకూ. 1988లో రష్దీ పుస్తకాన్ని దిగుమతి కాకుండా ఆపించారు మన నాయకులు, గొప్ప విజయమన్నారు. 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ముందు ఆ నిషేధపు ఉత్తర్వును తెమ్మంటే ఏ ఆఫీసులోనూ కాగితం దొరకలేదు. లేనట్టే అనుకోవాలని కోర్టు తేల్చింది. ముప్పయ్యారేళ్లు ఒక మాయమైన కాగితం మీద మన గౌరవం నిలబడిందా? ఆ ముప్పయ్యారేళ్లలో మన పిల్లలకు ఒక్క బడి ఎక్కువొచ్చిందా? మరి మనల్ని అసహనపరులని తిట్టడానికి మాత్రం అవతలివాళ్లకు ఆ కాగితం ఎంత పనికొచ్చింది! టాడా చూశాం, 1995లో అది పోయేదాకా. మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలితే మన కుర్రాళ్లనే పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టడం చూశాం. రాజ్యం చేతికి ఇంకో కర్ర ఇవ్వమని అడిగే ముందు మన వీపు తడిమి చూసుకోవాలి.

ఇప్పుడు అమల్లో ఉన్న ఏర్పాటు ఎట్లా ఉందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. 69ఏ కింద ఒక ఖాతా మూసేస్తే, 2009 నాటి నిబంధనల్లో పదహారోది ఆ వ్యవహారాన్ని రహస్యంగా ఉంచమంటుంది. రాసినవాడికి తన రాత ఎందుకు పోయిందో తెలిసే దారి దాదాపు లేదు. ఇది చాలదన్నట్టు 2024లో కేంద్ర హోంశాఖ సహయోగ్ అనే పోర్టల్ తెచ్చింది. అందులోంచి అధికారులు నేరుగా కంపెనీలకు, ఇది తీసెయ్యండని నోటీసులు పంపుతారు. ఎక్స్ కంపెనీ దాని మీద వేసిన కేసును 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. తర్వాత నెలలో నియమాలు సవరించి, పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గనివాళ్లే ఆ నోటీసు ఇవ్వాలన్నారు. ఇది కొంత నయమే. కానీ డీఐజీ జడ్జి కాడు. ఆయన్ని బదిలీ చేసే చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో తీసేసిన ఫోర్‌జీ 2021 ఫిబ్రవరి దాకా రాలేదు. ఏడాదిన్నర పిల్లల చదువులు, రోగుల కబుర్లు, వ్యాపారాలు అన్నీ ఒక స్విచ్ కింద. అది దూరం అనుకుంటే, 2022 మేలో మన కోనసీమలో చూశాం. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం గిట్టనివాళ్లు అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు తగలబెట్టారు. శిక్షగా నెట్టు పోయింది ఎవరికి? జిల్లా మొత్తానికి. ఇల్లు కాలినవాళ్లకూ కాల్చినవాళ్లకూ ఒకటే చీకటి.

కాబట్టి మేం కోరేది వేరు. ఒక రాత తీసెయ్యమని ఆదేశించిన ప్రతి కాగితమూ కారణంతో సహా బయట పెట్టండి. రాసినవాడికి నోటీసు ఇచ్చి వాదన వినండి. తీసెయ్యాలో వద్దో కోర్టు చెప్పాలి. అత్యవసరమై ముందే తీస్తే, రెండు మూడు రోజుల్లో కోర్టు ముందుకు పోవాలి. విద్వేషం మీద సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం మీ జిల్లాలో తమంత తాముగా పెట్టిన కేసులెన్నో, అందులో మంత్రుల మీద, ఎమ్మెల్యేల మీద, స్వాముల మీద, మౌలానాల మీద పెట్టినవెన్నో ప్రతి ఎస్పీ ఏడాదికోసారి అచ్చేసి అంటించాలి. కంపెనీల దగ్గర తెలుగు, ఉర్దూ చదవగలిగే మనుషులు ఎంతమంది ఉన్నారో చెప్పించండి. మాకు కావాల్సిన నియంత్రణ అది. మనుషుల్ని కాదు, అధికారులనూ షావుకార్లనూ నియంత్రించేది.

2025లో ఆంధ్ర ప్రభుత్వం సోషల్ మీడియా నియంత్రణ చూడమని మంత్రుల బృందాన్ని వేసింది. ఆ బృందం దేశదేశాల చట్టాలు చదువుతుందట, చదవనీండి. ఆ మంత్రులు తిరుపతికి వచ్చి, మత విద్వేషం నుంచి మిమ్మల్ని కాపాడ్డానికే ఇదంతా అంటే, మేం ఒక కాగితం పట్టుకుని పోతాం. లడ్డూ రోజుల్లో తిరిగిన ఆ పాకిస్తాన్ పేర్ల జాబితా. దాన్ని ముందుగా ఎవరు పెట్టారు, ఎవరెవరు తిప్పారు, వాళ్లలో ఎవరి ఇంటికి పోలీసు వ్యాను పోయింది అని అడుగుతాం. పాత సెక్షన్లతోనే దీనికి జవాబు తీసుకురండి సార్, కొత్త వాటి సంగతి ఆ తర్వాత కూచుని మాట్లాడుకుందాం.